మొట్టమొదటి వెబ్‌సైటు కాదండి, రెండోది: మన ఊరి సంఘానికి బహిరంగ లేఖ

మన ఊరి అభివృద్ధి సంఘం అధ్యక్షులకూ, కార్యదర్శి గారికీ, హైదరాబాదు నుంచీ అమెరికా నుంచీ చందాలు పంపుతున్న మన పిల్లలకూ నమస్కారాలు.

సంక్రాంతికల్లా ఊరికి వెబ్‌సైటు తయారైపోతుందని, భోగినాడు రామాలయం దగ్గర తెరకట్టి అందరికీ చూపిస్తారని మన వాట్సాప్ గ్రూపులో చదివాను. డ్రోనుతో తీసిన వీడియో ముక్క కూడా చూశాను. కొబ్బరితోటల నెత్తి మీంచి ఏరు అలా వంపు తిరగడం మనం గట్టు మీద నుంచి ఎప్పుడూ చూడలేదు, బాగుంది. ఎటొచ్చీ దాని కింద రాసిన మాట దగ్గర నాకు చేపముల్లు అడ్డం పడింది. "మన ఊరి మొట్టమొదటి వెబ్‌సైటు" అన్నారు.

మొదటిది కాదండి. రెండోది.

మొదటిది 2005లో పెట్టాం. 2013లో పోయింది. మీలో కుర్రాళ్లకి అది తెలిసే వయసు కాదు. పెద్దవాళ్లకి గుర్తుండాలి, లేదు. మీటింగులో చెప్పుకోవలసిన సంగతి ఊరంతా చదివేలా ఎందుకు రాస్తున్నానంటే, ఊరి పేరు తీసేస్తే ఇది మన కోనసీమలో రాజోలు వైపు ఊళ్లకీ ముమ్మిడివరం వైపు ఊళ్లకీ కూడా సరిపోయే కథ. అందుకే మన ఊరి పేరు రాయలేదు. ఎవరినో తప్పుపట్టడానికి మాత్రం కాదు. తప్పంటూ ఉంటే మొదటి వాటా నాదే, ఆ సైటుకి టైపు కొట్టింది నేను.

అప్పుడు నాది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, దినం కార్డులు. మా మేనల్లుడు హైదరాబాదులో కొత్తగా సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో చేరి, పండక్కి వచ్చినప్పుడు "మావయ్యా, మన ఊరికో సైటు పెడదాం" అన్నాడు. రిటైరైన తెలుగు మాస్టారు సైకిలేసుకుని ఇంటింటికీ తిరిగి సరుకు పోగుచేశారు. ఏం సరుకో చెబుతాను, లేకపోతే పోయిందేమిటో మీకు తెలియదు.

1986 ఆగస్టు వరద ఫొటోలు 14. ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది దాంట్లో సగానికి. టౌను నుంచి స్టూడియో ఆయన నాటుపడవ మీద వచ్చి తీసిన ఫొటోలవి. తరవాత 1996 నవంబరు తుఫాను ఫొటోలు. విరిగిన కొబ్బరిచెట్లు మొండాలై నిలబడ్డ తోటలు, పైకప్పు లేని బడి. ఎదుర్లంక, యానాం మధ్య వంతెన 2002లో వచ్చింది కదా, దానికి ముందు రేవులో పంటు కోసం జనం బారులు తీరిన ఫొటోలు మూడు. ఊడ్పుల్లో ఆడవాళ్లు పాడే పాటలు, మాస్టారు పొలం గట్టున టేప్‌రికార్డరు పెట్టుకుని పట్టినవి.

అన్నిటికంటే విలువైనది రంగం జాబితా. మన తాతలు రంగూన్‌ని రంగం అనేవారు. మన డెల్టా నుంచి కూలికీ, మిల్లు పనికీ, రేవు పనికీ ఓడెక్కి రంగం వెళ్లినవాళ్లు ఏ ఇంటి నుంచి ఎవరు, ఎప్పుడు వెళ్లారు, 1942లో జపానువాళ్లు బర్మా మీదకి వచ్చినప్పుడు అడవుల వెంట నడిచి ఎవరు తిరిగొచ్చారు, దారిలో ఎవరు పోయారు. ఎనభై దాటిన ముసలమ్మల ఎదుట కూర్చుని మాస్టారు రాసుకున్నారు. ఇప్పుడు మళ్లీ అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. మాస్టారూ లేరు.

ఇంతకీ అది ఎలా పోయిందంటారా? వరదలో కాదు. సైటు అడ్రసు మా మేనల్లుడి పేరు మీద, వాడి ఆఫీసు ఈమెయిలుతో తీసుకున్నాం. వాడు ఉద్యోగం మారాడు. పాత ఆఫీసు ఈమెయిలు మూసేసింది. అడ్రసు గడువు అయిపోతోంది, డబ్బు కట్టండి అని వచ్చిన నోటీసులన్నీ ఎవరూ తెరవని ఆ పెట్టెలోకే వెళ్లాయి. ఏడాదికి వెయ్యి రూపాయలు కూడా కాదండి. గడువు తీరిన వెంటనే అడ్రసు పోదు కూడా. డాట్‌కామ్ అయితే సాధారణంగా కొన్నాళ్లు మామూలు ఫీజుకే ఇస్తారు, తరవాత ఇంకో 30 రోజులు జరిమానాతో ఇస్తారు, ఆ పైన అయిదు రోజులు ఆపి సంతలో పెడతారు. ఇన్నాళ్లూ మనలో ఒక్కరం కూడా సైటు తెరిచి చూడలేదన్నమాట. చూసేసరికి అక్కడ పేకాట ప్రకటన ఉంది. ఊరి పేరు నొక్కితే రమ్మీ! ఫైళ్లు దాచిన సర్వరుకి కూడా డబ్బు కట్టలేదు కాబట్టి వాళ్లు తుడిచేశారు.

ఇంతవరకు అయితే సరే, మళ్లీ స్కాన్ చేసుకుందాం అనుకుని నేను ఇళ్లకి బయల్దేరాను. మొదటి ఇంట్లోనే అమ్మగారు అన్న మాట ఇది: "ఆయ్, అయ్యన్నీ మీరు కంప్యూటర్లోకి ఎక్కించేశారు కదండీ, డాబా కట్టినప్పుడు పాత ఆల్బములు పారేశాం." నాలుగిళ్లలో ఇదే జవాబు. ట్రంకుపెట్టెలో, అటక మీద ఉండి వరదనీ తుఫానునీ తప్పించుకున్న ఫొటోలు, మేం సైటులో పెట్టాం కాబట్టి చెత్తలోకి వెళ్లాయి. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

తరవాత కథ తవ్వకాల కథ. ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ కొత్త సైటు ఎలా కట్టాలో దీంట్లోనే ఉంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అని లాభాపేక్ష లేని సంస్థ ఒకటి ఉంది. బ్రూస్టర్ కేల్ అనే ఆయన 1996లో, మనకి తుఫాను వచ్చిన ఏడాదే, మొదలుపెట్టారు. లోకంలోని వెబ్ పేజీలకి కాపీలు తీసి దాస్తారు. వేబ్యాక్ మెషీన్ పేరుతో 2001 నుంచి అందరూ చూసుకునేలా పెట్టారు. చచ్చిపోయిన అడ్రసు అక్కడ కొడితే ఒక క్యాలెండరు వస్తుంది. కాపీ తీసిన తేదీల మీద చిన్న చుక్కలుంటాయి. మన ఊరి అడ్రసు కొడితే ఎనిమిదేళ్లకీ కలిపి పదకొండు చుక్కలు వచ్చాయి. వాళ్ల యంత్రం ఒక పేజీలో ఉన్న లింకు పట్టుకుని ఇంకో పేజీకి పోతుంది. మన ఊరి సైటుకి లింకు ఇచ్చేదెవరు? అందుకని వీధి చివరి ఇంటికి పోస్టుమాన్ వచ్చినట్టు ఎప్పుడో ఒకసారి వచ్చి వెళ్లింది.

తెరిచాను. మొదటి పేజీ వచ్చింది, గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే రాతంతా మాయం, ఖాళీ డబ్బాలు. ఆ రోజుల్లో బ్రౌజర్లలో తెలుగు సరిగ్గా కనబడేది కాదు. అందుకని నేను అచ్చుపనికి వాడే 'అను' అనే తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరులో అందంగా కంపోజు చేసి, ఆ పేజీని బొమ్మగా మార్చి పెట్టేవాణ్ని. నా పనితనం మీద నాకు గర్వం కూడా. యంత్రం పేజీని కాపీ చేసింది, చాలా చోట్ల బొమ్మని చేయలేదు. బొమ్మ లేకపోతే నా తెలుగూ లేదు. ఫొటోల గ్యాలరీ ఫ్లాష్ అని, వెబ్‌లో కదిలే బొమ్మలు చేసే సాఫ్ట్‌వేరులో చేశాం, పేజీలు తిరిగేస్తున్నట్టు ఉండేది, చూసినవాళ్లు ముచ్చటపడేవారు. యంత్రం ఆ గ్యాలరీ గుమ్మం దాటి లోపలికి పోలేకపోయింది. అసలు ఫ్లాషే 2020 చివరికల్లా ఆగిపోయింది. పాటల ఫైళ్లు ఒక్కటీ లేవు.

మరి మిగిలిందేమిటి? ఫొటోల కింద రాతలు. తెలుగు కొట్టడం రాని మా మేనల్లుడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పడేసేవాడు. "పెళ్లికి ప్యాంటేసుకొచ్చినట్టుందిరా, తీసెయ్" అని నేను వాడితో ఎన్నిసార్లు పోట్లాడానో. ఆ రాతలు మాత్రం అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయి. అవి ఉత్త అక్షరాలు కాబట్టి.

కొత్త సైటు చేస్తున్న కంపెనీవాళ్లు మొన్న చూపించిన నమూనాలో ఊరి చరిత్ర పేజీని మళ్లీ బొమ్మగా పెట్టారు, చూశారా? అక్షరాలు బంగారు రంగులో మెరుస్తున్నాయి. దయచేసి ఒప్పుకోకండి. 2005లో మాకు గతిలేదనుకుని చేశాం. నిజానికి విండోస్ ఎక్స్‌పీతోనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చింది (యూనికోడ్ అంటే ఏ కంప్యూటరులోనైనా అక్షరం అక్షరంగానే ఉండే పద్ధతి), దాని పేరు కూడా గౌతమి, మన ఏటి పేరే. మేం నేర్చుకోవడానికి బద్ధకించాం. ఇప్పుడు ఏ ఫోనులో అయినా తెలుగు కొట్టొచ్చు, వెతకొచ్చు, కాపీ తీసుకోవచ్చు. ఈమాట అనే ఇంటర్నెట్ పత్రిక 1998 నుంచి వస్తోంది, పాత సంచికలన్నీ యూనికోడ్‌లోకి మార్చుకుని ఈనాటికీ చదివేలా ఉంచింది. ఆ శ్రద్ధ మాకు లేకపోయింది.

సరే, మిగతా తవ్వకం. నా షాపులో సీడీలు ఉన్నాయి, పేజ్‌మేకర్ ఫైళ్లవి. మన ఉప్పుగాలికి, తేమకి ఆరింట్లో నాలుగు చదవడం మానేశాయి. రెండింట్లోంచి పదిహేడు పేజీలు వచ్చాయి. అను ఫాంటులోంచి యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు తప్పినచోట చేత్తో దిద్దుకున్నాను. రంగం జాబితా మాత్రం వాటిలో లేదు. అది దొరికిన చోటు వింటే మీరు నవ్వుతారు.

ఆ రోజుల్లో మన ఊరివాళ్లకి యాహూలో గ్రూపు ఉండేది, గుర్తుందా? యాహూ 2019 డిసెంబరులో ఆ గ్రూపుల్లో దాచిన పాత ఉత్తరాలు తీసేయడానికి పూనుకుంది, 2020 డిసెంబరుకి గ్రూపులే మూసేసింది. అయితే గ్రూపుకి రాసిన ప్రతి ఉత్తరం సభ్యులందరి ఈమెయిలు పెట్టెల్లోకీ వెళ్లేది. పెట్టె ఎప్పుడూ ఖాళీ చేయని మనిషి ఒక్కడు దొరికితే చాలు. దొరికాడు. కూకట్‌పల్లిలో ఉండే మన కరణంగారి మనవడు. భార్య రోజూ తిడుతుందట, పద్దెనిమిది వేల ఉత్తరాలు తుడవకుండా పెట్టుకున్నాడని. ఆ గుట్టలో 2006 నాటి ఒక ఉత్తరానికి తగిలించిన ఫైలు: మాస్టారి రంగం జాబితా, మొత్తం! నేను కంపోజు చేసే ముందు ఎవరో సరిచూస్తారని పంపిన చిత్తుప్రతి. తప్పులతో సహా ఉంది. ఆ తల్లి తిట్లకి చేతులెత్తి దండం.

యాహూ పెద్ద కంపెనీ. దాని నట్టింట్లో దాచింది పోయింది, పదిమంది ఇళ్లలో చెల్లాచెదురుగా పడింది మిగిలింది. విత్తనం ఒకే గాదెలో ఉంచకూడదని మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

మీరనొచ్చు, ఇప్పుడు ఫేస్‌బుక్ ఉంది, యూట్యూబ్ ఉంది, అవెక్కడికి పోతాయి అని. జియోసిటీస్ గురించి కూడా అలాగే అనుకున్నారు. లక్షలమంది వెబ్‌లో సొంత పేజీలు కట్టుకున్న ఊరు అది, 2009 అక్టోబరులో మూసేశారు; స్వచ్ఛందంగా కొందరు రాత్రింబవళ్లు కూర్చుని తోడిపెట్టబట్టి కొంత దక్కింది. ఫేస్‌బుక్ లాంటిదే ఆర్కుట్, 2014 సెప్టెంబరు 30న మూతపడింది, మన కుర్రాళ్ల కాలేజీ రోజులన్నీ దాంట్లోనే. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్లో. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్లు 2024లో లెక్క తేల్చారు: 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తరవాత తెరుచుకోవడం లేదట. మన సైటు పోయిందీ 2013లోనే, మనమూ ఆ లెక్క బాపతే.

అందుకని సంఘాన్ని అడుగుతున్నది ఇదీ. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసి పూడిక తీస్తారు. తీయకపోతే చివరి భూములకి నీరందదు, దీనికి మనలో ఎవరూ వాదించరు. వెబ్‌సైటుకి మాత్రం ఒకసారి రెండు లక్షలు పెట్టి కట్టేస్తే అయిపోయిందనుకుంటాం. ఆ రెండు లక్షల్లో పాతికవేలు పక్కన పెట్టండి. డ్రోను వీడియో ఒక నిమిషం తగ్గించండి, కొంప మునగదు.

అడ్రసు సంఘం పేరు మీద తీసుకోండి, ఏ ఒక్కరి పేరు మీదా వద్దు. అధ్యక్షులు మారినా మారని ఈమెయిలు ఒకటి సంఘానికి పెట్టి, దాని తాళం ముగ్గురి దగ్గర ఉంచండి. డాట్‌కామ్ అయినా డాట్ ఇన్ అయినా ఒకేసారి పదేళ్లకి కట్టేయొచ్చు, కట్టేయండి. సైటు చేసే కంపెనీతో ఒప్పందంలోనే రాయించుకోండి: పని అయ్యాక మొత్తం ఫైళ్లు, డేటాబేసుతో సహా, మన చేతికి ఇవ్వాలి. మాటవరసకి ఇస్తామంటారు, కాగితం మీద ఉండాలి. ఫొటోలు వెబ్ కోసం చిన్నవి చేసుకోండి గానీ పెద్ద స్కానింగు వేరే దాచండి. మేం అప్పట్లో నెట్ నెమ్మదని తపాలాబిళ్లంత చేసి పెట్టి, పెద్దవి దాచలేదు.

ఇంకొకటి. ప్రతి సంక్రాంతికీ పండగకొచ్చిన కుర్రాళ్లు నలుగురు ఒక పూట కూర్చోవాలి. హెచ్‌టీట్రాక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో సైటు మొత్తం దింపుకుని రెండు హార్డు డిస్కుల్లోకి ఎక్కించాలి. ఒకటి మన శాఖా గ్రంథాలయంలో, ఒకటి హైదరాబాదులో. రెండూ ఏటిగట్టు లోపలే ఉంచితే మళ్లీ 1986 వస్తే రెండూ పోతాయి. అదే పూట వేబ్యాక్ మెషీన్లోకి వెళ్లి, "సేవ్ పేజ్ నౌ" అని ఉంటుంది, దాంట్లో మన పేజీల అడ్రసులు ఒక్కొక్కటే ఇవ్వాలి. యంత్రం వచ్చేదాకా ఎదురుచూడక్కర్లేదు, మనమే పిలవొచ్చు, డబ్బు అడగరు. అలాగని దాని మీదే భారం వేసి కూర్చోవద్దు. 2024 అక్టోబరులో దాని మీదే దాడి జరిగి కొన్ని రోజులు మూతపడింది.

గ్రంథాలయం మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. గ్రంథాలయోద్యమానికి పితామహుడు అనిపించుకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారు ఎక్కడో పుట్టలేదు, మన కొంకుదురులో పుట్టారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914 నాటిది. ఆ గడ్డ మీద ఉండి మనం గ్రంథాలయాన్ని పేపరు చదివే అరుగు చేసేశాం. మన దేశంలో 1954 చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ ఇంకో మూడింటికీ పంపాలి, 1956లో పత్రికల్నీ చేర్చారు. బ్రిటన్లో 2013 నుంచి అక్కడి వెబ్‌సైట్లకి కాపీలు తీసి దాచే అధికారం గ్రంథాలయాలకి ఉంది. జిల్లా గ్రంథాలయ సంస్థవారు ఈ లేఖ చదివితే, కోనసీమ ఊళ్ల సైట్ల కాపీలకి ఒక బీరువా, ఒక కంప్యూటరు, ఒక రిజిస్టరు ఇవ్వమని అడుగుతున్నాను. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మేమూ కడుతున్నాం.

పాతదంతా తిరిగి పెట్టమని అనడం లేదు సుమండీ. పాత సైటులో వరద సాయం అందుకున్న ఇళ్ల జాబితా ఉండేది, పేరు, వయసు, ఎంత ఇచ్చామో. అప్పుడు లెక్క పక్కాగా ఉండాలని పెట్టాం. ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలు అది చూసుకుంటే ఏమనుకుంటారు? అది నాకు దొరికింది, ఒక కాపీ సంఘం బీరువాలో ఉండొచ్చు, నెట్‌లోకి మాత్రం వద్దు. 2007 దసరా ఫొటోల్లో ఒక అమ్మాయి తన ఫొటో తీసేయమని అప్పుడే అడిగింది, మేం నిర్లక్ష్యం చేశాం. ఇప్పుడు ఆమెనే అడిగి, వద్దంటే వేబ్యాక్ వాళ్లకి కూడా తీసేయమని రాయాలి. వాళ్లు అలాంటి వినతులు తీసుకుంటారు. ఏది దాచాలో తేల్చడానికి కమిటీలో ఆడవాళ్లని ఇద్దరినైనా పెట్టండి. మొదటి సైటుకి మేం మగాళ్లమే కూర్చుని తేల్చాం, ఊడ్పు పాటలు పాడినవాళ్ల పేర్లు కూడా రాయలేదు.

నాకు దొరికినదంతా, పదిహేడు పేజీలు, రంగం జాబితా, ఇరవై రెండు ఫొటోలు, ఒక హార్డు డిస్కులో పెట్టి ఉంచాను. సంఘం నుంచి ఎవరొచ్చినా ఇస్తాను, సంతకం పెట్టి తీసుకెళ్లండి. నా కాపీ నాకు ఉంది. షాపు ఆదివారం మధ్యాహ్నం కట్టేస్తాను.

వరద ఫొటోలు 14లో తొమ్మిది వచ్చాయి, టౌనులో స్టూడియో ఆయన కొడుకు నెగటివులు వెతికి ఇచ్చాడు. అయిదు లేవు. వాటి కింద మా మేనల్లుడు ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవి మాత్రం ఉన్నాయి. తెలుగులో కింద ఇస్తున్నాను. భోగికి ఇల్లు సర్దేటప్పుడు పాత సామాను మంటలో వేసే ముందు ఒక్కసారి అటక మీద చూడండి. అట్టపెట్టెలో, పాత పంచాంగాల మధ్య, దేవుడి పటాల వెనక ఎక్కడైనా ఉండొచ్చు.

మూడో ఫొటో: "రెండో రోజు. బడి అరుగు మీద వంట. గరిట పట్టుకున్నది మా అమ్మమ్మ."

నాలుగో ఫొటో: "గేదెల్ని డాబా ఎక్కించారు. ఎలా ఎక్కించారో ఎవరూ చెప్పలేకపోతున్నారు."

ఏడో ఫొటో: "రామాలయం గోడ మీద నీటి గీత. పక్కన నిలబడ్డది మాస్టారు, కొలత కోసం."

ఎనిమిదో ఫొటో: "హెలికాప్టరు పులిహోర పొట్లాలు వేసింది. సగం ఏట్లో పడ్డాయి."

పన్నెండో ఫొటో: "నీళ్లు తీశాక మొదటి బస్సు. డ్రైవరుకి కొబ్బరిబొండం ఇస్తున్నారు."

ఇట్లు,
పాత సైటుకి టైపు కొట్టిన జిరాక్స్ షాపు మనిషి